బస్సు ఆలస్యంగా వచ్చిన రోజులు

మా బావ నడిపే బస్సు ఎప్పుడూ ఆలస్యం కాదని ఆ రూటులో అందరికీ తెలుసు. ఆఫీసులకి వెళ్లేవాళ్లు ఆ బస్సు కోసం ముందొచ్చిన బస్సుని వదిలేసేవాళ్లు. డిపోలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ ఆయన ‘ఎక్స్‌ప్రెస్’. ఒకసారి పై అధికారి ఆయన్ని నలుగురిలో నిలబెట్టి, డ్రైవరంటే ఇలా ఉండాలి అని మెచ్చుకున్నాడు కూడా. బావ చేతులు కట్టుకుని, తల వంచుకుని విన్నాడు. ఆ సమయపాలన వెనక ఉన్నది క్రమశిక్షణ కాదు, పెద్దపేగు. ఆ సంగతి మా అక్కకీ, నాకూ, ఆయన బస్సులో కండక్టరుకీ తప్ప ఎవరికీ తెలియదు.

ఆయన పెద్దపేగు లోపలి పొర పుండ్లు పడి నెత్తురు కారేది. అది ఎందుకొస్తుందో డాక్టర్లకే సరిగ్గా తెలియదు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. కడుపులో మెలి తిరిగిందంటే ఇక ఆయన చేతిలో ఏమీ ఉండేది కాదు. బస్సు నిండా జనం, ముందు ఎర్ర దీపం, వెనక హారన్లు. అందుకే ఆయన మనసులో ఊరి పటం మనందరి పటం లాంటిది కాదు. పెట్రోలు బంకు వెనక గది, కోర్టు ఆవరణలో గుమాస్తాలు వాడే మూల, సినిమా హాలు కాపలాదారు తాళం తీసిపెట్టే పక్క తలుపు, ఆఖరి స్టాపులో రేకుల షెడ్డు. ఒక చోటునించి ఇంకో చోటికి ఎంత తొందరగా చేరితే అంత మంచిది. ఎక్స్‌ప్రెస్ రహస్యం అదే.

“ఊళ్లో ఎక్కడేముందో నన్నడుగు మరదలా” అనేవాడు. “కాకపోతే ఒక్క శాఖే నాకు తెలుసు.”

నేను పనికి ఆ బస్సులోనే వెళ్లేదాన్ని. డ్రైవరు వెనక సీటు నాది. ఒక్కోసారి ఆయన మెడ నరం బిగుసుకునేది, స్టీరింగు మీద వేళ్లు తెల్లబడేవి. అప్పుడు కండక్టరు, ఆ ఏనుగంత మనిషి, టికెట్లు కొట్టడం ఆపి గొంతెత్తి చెప్పేవాడు.

“ఇంజను వేడెక్కిందండీ. ఒక్క క్షణం. చల్లారగానే బయల్దేరదాం.”

బావ దిగి పెట్రోలు బంకు వెనక్కి వెళ్లేవాడు. జనం కిటికీల్లోంచి ఇంజను వైపు చూసేవాళ్లు. ఇంజను మీద జాలిపడిన వాళ్లు కూడా ఉన్నారు. “ఈ డొక్కు బళ్లని ఇంకా ఎన్నాళ్లు తిప్పుతారో” అని ఒక ముసలాయన రోజూ అనేవాడు. బావ తిరిగొచ్చి సీట్లో కూర్చుంటూ అద్దంలో నన్ను చూసి కనుబొమ్మలెగరేసేవాడు. సీటు కింద గుడ్డసంచిలో మడతపెట్టిన ముదురు రంగు ప్యాంటు ఎప్పుడూ ఒకటి ఉండేది. ఆ ప్యాంటు సంచిలోంచి బయటికొచ్చిన రోజున మాత్రం కనుబొమ్మలు లేచేవి కావు.

అక్క ఆ బట్టలు ఎవరికీ కనపడకుండా ఉతికేది. పెరట్లో ఆరేసేటప్పుడు వాటి ముందు దుప్పటి కట్టేది. పక్కింటావిడ గోడ మీంచి, “మీ ఇంట్లో దుప్పట్లు తెగ మాస్తాయేం వదినా” అంటే, “మా ఆయన నిద్రలో కూడా బస్సు నడుపుతారు, అందుకే చెమట” అని చెప్పేది.

మాత్రలు చాలా వాడాడు. వాపు తగ్గించే మాత్రలకి మొహం గుండ్రంగా ఉబ్బిపోయింది. డిపోలో అందరూ ఒళ్లు చేశావు, పెళ్లాం బాగా పెడుతున్నట్టుంది అన్నారు. నిజానికి ఆయన తినేది గుప్పెడు మెత్తటి అన్నం, ఉడికించిన బంగాళాదుంప. ఆ మాత్రలు ఆపితే నెత్తురు, మొదలుపెడితే నిద్ర లేకపోవడం, ఎముకలు పెళుసు కావడం. చివరికి పెద్దాసుపత్రిలో పేగుల డాక్టరు రెండు దారులున్నాయన్నాడు. ఒకటి, పెద్దపేగు మొత్తం కోసి తీసేసి, కడుపు మీద రంధ్రం పెట్టి సంచి తగిలించడం. రెండోది, తన దగ్గర జరుగుతున్న పరిశోధనలో చేరడం.

ఆ మాట చెప్పిన గదిలో నేనూ ఉన్నాను. కిటికీ అద్దానికి లోపలినించి తెల్లకాగితం అంటించి ఉంది. బల్ల మీద ప్లాస్టిక్కు పేగు ఒకటి, పిల్లల ఆటబొమ్మలా ఊడదీసి మళ్లీ తగిలించేది. డాక్టరు పెద్దవాడు, అలిసిపోయిన మొహం. మాటలు దాచేవాడు కాదు.

“ఇది ఇంకా బజారులోకి రాని మందు” అన్నాడు. “పనిచేస్తుందో లేదో చూడ్డానికే ఇస్తున్నాం. చెయ్యకపోవచ్చు కూడా.”

“నా బండి కూడా అంతే సార్” అన్నాడు బావ. “పొద్దున్నే స్టార్టవుతుందో లేదో చూడ్డానికే తాళం తిప్పుతాం.”

డాక్టరు నవ్వాడు. అక్క నవ్వలేదు.

“అంటే ఆయన మీద ప్రయోగం చేస్తారా?” అంది.

“అవునమ్మా, ప్రయోగమే. ఇంకో పేరు పెడితే అబద్ధమవుతుంది.”

అక్క బావ వైపు చూసింది. బావ ప్లాస్టిక్కు పేగుని చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తున్నాడు.

“ఆపరేషనయితే మళ్లీ బస్సు నడపనిస్తారా సార్?”

“నడిపినవాళ్లున్నారు. మీ డిపో వాళ్లు ఏమంటారో నేను చెప్పలేను.”

డిపో వాళ్లు ఏమంటారో బావకి తెలుసు. నడుం నొప్పి వచ్చిన డ్రైవర్లనే టైర్ల గదిలో కూర్చోబెట్టారు. అక్కడ కూర్చున్నవాళ్లు గేటు దాటే ప్రతి బస్సునీ తలెత్తి చూస్తారు. బావ పేగుని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, “ప్రయోగమే చెయ్యండి” అన్నాడు.

పరిశోధన పనులన్నీ చూసుకునే అమ్మాయి ఒకామె ఉండేది. చిన్న మనిషి, పెద్ద కళ్లద్దాలు. మమ్మల్ని పక్కగదిలో కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. మొదటి భాగంలో అందరికీ అసలు మందే సూది ద్వారా ఇస్తారు. ఎవరికి గుణమిస్తుందో వాళ్లు రెండో భాగంలోకి వెళతారు. అక్కడ సగం మందికి మందు, సగం మందికి మందులేని ఉత్త సూది. ఎవరికి ఏది వెళుతోందో రోగికీ తెలియదు, తనకీ తెలియదు, డాక్టరుకీ తెలియదు.

“ఉత్త సూది వచ్చిందనుకోండి, జబ్బు మళ్లీ రావచ్చు” అంది. “రాగానే మాకు చెప్పాలి. చెప్పిన రోజే మిమ్మల్ని అసలు మందులోకి మార్చేస్తాం. అర్థమైందా అంకుల్?”

“అయిందమ్మా” అన్నాడు బావ. అందరం తలలూపాం. అప్పటికి రెండో భాగం మాకు చాలా దూరంగా కనిపించింది. ఈత రానివాడికి అవతలి గట్టు మీద దారెలా ఉంటుందో చెబితే ఎంత వింటాడో అంతే విన్నాం.

మొదటి సూదులు పడ్డాక కొన్ని వారాలు ఏమీ కాలేదు. తరవాత ఒకరోజు నేను స్టాపులో నిలబడి ఉంటే బస్సు రాలేదు. రోజూ మా బస్సుకే వచ్చే ఆఫీసరుగారొకాయన పక్కన నిలబడి విసుక్కున్నాడు. చాలాసేపటికి వచ్చింది. బావ తలుపు తెరిచి, “సారీ సారీ, ఎక్కండి, తొందరేం లేదు” అంటున్నాడు. మునుపు అరిచేవాడు, తొందరగా తొందరగా అని.

ఆ తరవాత అదే వరస. దూరంనించి పరిగెత్తుకొచ్చే ఆడవాళ్ల కోసం ఆగేవాడు. చేతికర్ర ముసలావిడ మెట్టెక్కి సీటు చూసుకుని కూర్చునేదాకా బండి కదిపేవాడు కాదు. పూలకుండీ పట్టుకుని ఎక్కినాయనతో, అది ఏ మొక్క, నీళ్లెన్ని పొయ్యాలి అని స్టాపులోనే మాట్లాడేవాడు. వెనకనించి ఎవరో, “ఎక్స్‌ప్రెస్ కాస్తా ప్యాసింజరయిపోయింది” అన్నారు. మెచ్చుకున్న అధికారే పిలిచి ఏమిటయ్యా ఇది అని కోప్పడ్డాడు.

“ఏం చెప్పావు బావా?”

“ఇంజను చల్లబడిందండీ అని చెప్పాను.”

కండక్టరు ఆ మాటకి సీటు కొట్టుకుంటూ నవ్వాడు.

ఆ రోజుల్లో బావా అక్కా సినిమాకి వెళ్లారు. ఎప్పుడూ అంచు సీటు అడిగే మనిషి, వరస మధ్యలో కూర్చున్నాడట. రెండు వైపులా మనుషులు, మధ్యలో ఈయన. అక్క ఆ సంగతి నాకు చెబుతూ సినిమా కథేమిటో చెప్పడం మరిచిపోయింది. “ఇంటర్వెల్లులో కూడా లేవలేదే” అంది, అదేదో ఆయన సాధించిన డిగ్రీ అయినట్టు. పెరట్లో దుప్పటి కట్టడం మానేసింది. సీటు కింద సంచి ఇంటికొచ్చి, అందులో ఉల్లిపాయలు తేవడం మొదలైంది.

అలాంటి ఒక సాయంత్రమే, వంటింటి గడప మీద కూర్చుని బావ మాకు కొత్త బస్సుల కథ చెప్పాడు. అప్పుడది నాకు కథలాగే అనిపించింది.

చాలా ఏళ్ల కింద డిపోకి కొత్తరకం బస్సులు కొన్ని పరీక్ష కోసం వచ్చాయి. మెట్టు నేలకి దగ్గరగా ఉండేది, ఇంజను చప్పుడు వినిపించేది కాదు. స్టీరింగు వేలితో తిరిగేది. బావకి ఒకటిచ్చారు. రోజూ డ్యూటీ అయ్యాక దాన్ని తనే కడిగేవాడట. కొన్నాళ్లకి కంపెనీ మనుషులొచ్చి డ్రైవర్లని కూర్చోబెట్టి, బండి ఎలా ఉంది, లోపాలేమైనా ఉన్నాయా, ఉన్నదున్నట్టు చెప్పండి అన్నారు. బావ అంతా బాగుందని చెప్పి, చివర, వానొస్తే మాత్రం వెనక తలుపు ఆలస్యంగా మూసుకుంటోంది అన్నాడు. ఇంకొకడు ఇంకేదో అన్నాడు. తరవాతి నెల బస్సులన్నీ వెనక్కి వెళ్లిపోయాయి. పాత డొక్కులే మిగిలాయి.

“తలుపుదేముంది, చేత్తో తోస్తే మూసుకునేది” అన్నాడు బావ. “నా నోటితో నేనే దాన్ని పంపేశాను. ఉన్నదున్నట్టు చెప్పమంటే చెప్పేయడమే? బాగుచెయ్యడానికి అడుగుతున్నారనుకున్నాను. వద్దనడానికి అడుగుతున్నారని తెలియలేదు.”

“మీకా బస్సంటే ఎంత ప్రేమ” అంది అక్క. “నా గురించి ఎప్పుడైనా ఇంత బాధపడ్డారా?”

“నిన్నెవరూ వెనక్కి తీసుకుపోలేదుగా. మీ నాన్నకి ఎన్నిసార్లు చెప్పానో.”

రెండో భాగం మొదలైంది. సూది అదే రంగు, అదే సైజు, అదే చలువపెట్టెలోంచి తీసేవాళ్లు. ప్రతి సోమవారం పొద్దున్న ఆ అమ్మాయి ఫోను చేసి అడిగేది: ఎన్నిసార్లు వెళుతున్నారు, నెత్తురు కనిపిస్తోందా, కడుపు నొప్పి ఉందా. మొదట్లో బావ ఆ ఫోను మా అందరి ముందే మాట్లాడేవాడు.

“ఒక్కసారేనమ్మా. రాజుగారిలాగా వెళ్లొస్తున్నాను. నెత్తురా? లేదు. నొప్పా? మా ఆవిడ మాట్లాడినప్పుడు తప్ప లేదు. అది మీ మందుకి తగ్గేది కాదులే.”

కొంతకాలానికి ఫోను మోగగానే లేచి పెరట్లోకి వెళ్లడం మొదలుపెట్టాడు. మాకు చివరి ముక్కే వినిపించేది: “ఉంటానమ్మా.”

ఒక పొద్దున్న నేను స్టాపుకి నెమ్మదిగా నడుస్తున్నాను, ఎలాగూ ఆలస్యమేగా అని. బస్సు అప్పటికే వచ్చి నిలబడి ఉంది.

“తొందరగా మరదలా, తొందరగా” అన్నాడు.

“ఇవాళ ముందొచ్చావేం బావా?”

“రోడ్డు ఖాళీగా ఉంది.”

రోడ్డు ఎప్పటిలాగే ఉంది. నేను ఆయన వెనక కూర్చున్నాను. మెడ నరం బిగుసుకుని ఉంది. ఆ వారమంతా బస్సు సరిగ్గా వేళకి వచ్చింది. ఆఫీసరుగారు సంతోషించాడు. “మళ్లీ దారిలో పడ్డాడు మన ఎక్స్‌ప్రెస్” అని పక్కవాళ్లతో అన్నాడు. నాకు మాత్రం ఆ వేళకి రావడం ఎవరో తలుపు గట్టిగా కొడుతున్నట్టుండేది. తరవాతి వారం కండక్టరు, జనం కళ్లల్లోకి చూడకుండా, “ఇంజను వేడెక్కిందండీ” అన్నాడు.

ఇంట్లో పెరటి తాడు మీద దుప్పటి మళ్లీ ఎక్కింది. అక్క రోజూ అడిగేది.

“ఆసుపత్రిలో చెప్పారా?”

“చెప్పాను. చూస్తున్నారు.”

“చూస్తూ కూర్చుంటే ఎలా? మారుస్తామన్నారు కదా?”

“దేనికైనా ఒక పద్ధతుంటుంది. వాళ్లకి తెలుసు నువ్వూరుకో.”

పరీక్షకి రక్తం, మలం డబ్బా ఇవ్వడానికి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు అక్కని వద్దని ఒక్కడే వెళ్లేవాడు. డ్యూటీ మధ్యలో అటునించి అటే పోయొస్తాను అనేవాడు. ఆయన అబద్ధమాడతాడన్న ఆలోచన మాకెవరికీ రాలేదు. ఇంట్లో బాగోలేదన్న సంగతి దాచలేదు కదా. ఇంట్లోవాళ్లకి ఆసుపత్రి చూసుకుంటోందని చెప్పాడు, ఆసుపత్రికి ఇంట్లో హాయిగా ఉన్నానని చెప్పాడు. ఇద్దరూ నమ్మారు. ఆయన ఆ రెంటి మధ్య రోజూ బస్సు నడిపాడు.

నెత్తురు పోయి పాలిపోయాడు. రక్తపరీక్షలో అది బయటపడకపోలేదు. ఆ అమ్మాయి ఇదేమిటని అడిగితే, డిపోలో రక్తదానం జరిగిందమ్మా, నలుగురూ ఇస్తుంటే నేనూ ఇచ్చాను అన్నాడట. ఆ అమ్మాయి చాలా కోప్పడిందట. పరిశోధనలో ఉండగా ఇవ్వకూడదని ముందే చెప్పాను కదా అంకుల్, ఎందుకింత మంచివాళ్లు మీరు అని. ఈ మాట ఆమే తరవాత మాకు చెప్పింది, చెబుతూ కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది.

ఒక మధ్యాహ్నం, కోర్టు స్టాపులో, బావ బస్సుని ఎప్పటిలా గీత మీదే ఆపాడు. హ్యాండ్ బ్రేకు వేశాడు. రెండు తలుపులూ తెరిచాడు. కండక్టరు గొంతు సవరించుకుంటున్నాడు, అలవాటు మాట చెప్పడానికి. బావ అతని మణికట్టు పట్టుకున్నాడు.

“తమ్ముడూ, జనాన్ని దింపెయ్. ఈసారి నిజంగానే ఇంజను.”

ఆ మాటని కండక్టరు ఆసుపత్రి వరండాలో నాకూ అక్కకీ చెప్పాడు. అంతటి మనిషి గోడకి చేరబడి పిల్లాడిలా కుంగిపోయాడు. పెద్దపేగు ఉబ్బిపోయిందని, ఎక్కడో చిల్లిపడిందని, వెంటనే కొయ్యాలని డాక్టర్లు చెప్పారు. ఆపరేషను గది సిద్ధం చేస్తున్నారు. అప్పుడే పేగుల డాక్టరు వచ్చాడు, వెనక ఆ అమ్మాయి.

“కిందటి వారం కూడా ఆయన శాంపిల్ పరీక్ష చేశాం” అంది ఆ అమ్మాయి. “మలంలో పేగు వాపు జాడే లేదు. అంత శుభ్రంగా ఉంది. ఇదెలా సాధ్యం?”

కండక్టరు తల పైకెత్తాడు.

“అది నాదండి” అన్నాడు.

“ఏది?”

“ఆ డబ్బాలోది. చివరి రెండుసార్లూ నాదే.” మొహం రెండు చేతులతో కప్పుకున్నాడు. “అన్నే అడిగాడు. తమ్ముడూ, నీకు రాళ్లు తిన్నా అరుగుతాయి, నీ కడుపు నాకొకసారి అరువియ్యి అన్నాడు. నవ్వుకున్నామండి ఇద్దరం. షెడ్డు వెనక నిలబడి పడీపడీ నవ్వుకున్నాం. ఎందుకన్నా అంటే, మందుకి మాట రాకుండా అన్నాడు. నాకేం తెలుసు? పరీక్ష పాసయితే సూదులు ఇస్తూ ఉంటారేమో, తప్పితే ఆపేస్తారేమో అనుకున్నా.”

డాక్టరు నేరుగా లోపలికి, బావ మంచం దగ్గరికి వెళ్లాడు. మేమూ వెళ్లాం. బావ కడుపు దుప్పటి కింద గుండ్రంగా లేచి ఉంది. పెదాలు ఎండిపోయాయి. డాక్టరుని చూసి లేవబోయాడు.

“పడుకోండి. ఎప్పటినించి ఇలా ఉంది?”

“రెండో సూదులు మొదలైన... కొన్నాళ్లకండి.”

“మాకెందుకు చెప్పలేదు?”

బావ అక్క వైపు చూశాడు, తరవాత డాక్టరు వైపు. దొరికిపోయిన మొహం కాదది. ఏదో బరువు మోసుకొచ్చి గమ్యం దగ్గర దించుతున్న మొహం.

“చెబితే మీ మందు ఓడిపోయిందని రాస్తారు కదండీ” అన్నాడు. “అలా నాలాంటివాళ్లు నలుగురంటే వెనక్కి తీసుకుపోతారు. నాకు ఎన్నాళ్లకో... సినిమాలో మధ్య సీట్లో కూర్చున్నాను సార్ దానివల్ల. నా నోటితో దాన్ని బాగోలేదని ఎలా అనను? ఏదో కొద్దిగా తేడా చేసింది, సర్దుకుంటుంది, అప్పటిదాకా మచ్చ రానివ్వకూడదు అనుకున్నాను.”

డాక్టరు మంచం అంచున కూర్చున్నాడు. ఆసుపత్రిలో డాక్టర్లు అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

“మీకు తిరగబెడితే మందు ఓడినట్టు కాదండీ” అన్నాడు మెల్లగా. “మీకొచ్చింది ఉత్త సూదయితే, అది తిరగబెట్టాలి. అప్పుడే కదా మందు లేకపోతే ఏమవుతుందో తెలిసేది? మీరు బాగోలేదంటే అది మందుకి మంచిమాటే అయ్యేది. మీరు బాగుందంటుంటే, మందు లేకపోయినా మనిషి బాగుంటాడని లెక్క తేలుతుంది. చెప్పి ఉంటే ఆ రోజే అసలుది ఇచ్చేవాళ్లం.”

పక్క మంచం తెర వెనక ఎవరో దగ్గుతున్నారు. ఇనప మంచం చక్రం ఒకటి ఎక్కడో కిర్రుమంది.

“అంటే నేను దాన్ని నిలబెడుతున్నాననుకుని...” అని ఆగిపోయాడు.

డాక్టరు ఆయన మీద దుప్పటి సర్దాడు.

“మరి నాది నీళ్లేనా సార్?”

“నాకు తెలియదు. ఇలాంటప్పుడు ఎవరికేది వెళ్లిందో రాసిన కవరు తెరిపించి చూడొచ్చు. చూస్తాను.”

“చూసి చెప్పండి.” మళ్లీ ఆలోచించాడు. “ఒకవేళ మందే అయితే మాత్రం చెప్పకండి.”

మనుషులొచ్చి మంచాన్ని తోసుకుపోయారు. వరండాలో మలుపు దగ్గర మంచం తలుపుకి తగిలింది. బావ పడుకునే, “కొంచెం కుడికి కొట్టు” అన్నాడు. తోసేవాడు నవ్వాడు. అవే ఆయన మాటల్లో నేను విన్న చివరివి.

ఆపరేషను చేశారు. పెద్దపేగు తీసేశారు. కానీ అప్పటికే విషం కడుపంతా పాకిందన్నారు. ఆయన్ని అద్దాల గదిలో యంత్రం గొట్టానికి తగిలించి పడుకోబెట్టారు. అక్క బయట బెంచీ మీద కూర్చుంది, వేళకి ఒకరిని లోపలికి పంపేవాళ్లు. వచ్చి కూర్చునేది, వెళ్లి నిలబడేది. మేం చెయ్యగలిగిందేమీ లేదు. సంతకం పెట్టమన్నచోట పెట్టాం, తెమ్మన్నవి తెచ్చాం, జరగమంటే జరిగాం. కండక్టరు డ్యూటీ దిగి రోజూ వచ్చి మా పక్కన కూర్చునేవాడు. అతని కడుపు ఒక్కోసారి ఆకలికి గట్టిగా మూలిగేది. అలా మూలిగినప్పుడల్లా లేచి కిటికీ దగ్గరికి వెళ్లిపోయేవాడు.

నాలుగో రోజు సాయంత్రం డాక్టరు, ఆ అమ్మాయి కలిసి వచ్చారు. అక్క లేచి నిలబడింది.

“తెరిపించి చూశామమ్మా” అన్నాడు డాక్టరు. “రెండో భాగంలో ఆయనకి వెళ్లింది మందు కాదు. ఉత్త సూదే.”

అక్కకి వెంటనే అర్థం కాలేదు. నేను మళ్లీ చెప్పాను. అప్పుడు అడిగింది:

“అయితే ఆ మందు మంచిదేనా?”

“ఆయన విషయంలో మంచిదే. ఉన్నన్నాళ్లూ నిలబెట్టింది.”

“మరి ఇప్పుడు మీ లెక్కల్లో ఏమని రాస్తారు?”

ఆ అమ్మాయి చెప్పింది. శాంపిల్ మారినవి పక్కన పెడతారు. మందు లేనివాళ్లలో జబ్బు తిరగబెట్టిన మనిషిగా ఆయన్ని రాస్తారు. అది మందు వైపే పడుతుంది.

“ఆయనకి కావలసిందదే” అంది అక్క.

ఆ మాటలో దెప్పిపొడుపు ఏమీ లేదు. ఉంటే బాగుండేదేమో. ఆ అమ్మాయి గోడ వైపు తిరిగింది.

లోపలికి వెళ్లే వేళ అయింది. నర్సు ఇద్దరినీ పంపింది, అప్పటికి ఇక నియమాల పట్టింపు తగ్గిపోయింది. అక్క మంచం పక్కన వంగి ఆయన చెవి దగ్గర నోరు పెట్టింది. యంత్రం చప్పుడు ఉండటంతో కొంచెం గట్టిగానే మాట్లాడింది. పక్క గదిలోంచి కేకేసి చెబుతున్నట్టు.

“ఏమండీ, చూశారట. మీకిచ్చింది మందు కాదట. మీ మందు తప్పేం లేదట. వింటున్నారా? దానికి మచ్చేం రాలేదట. మీకు లేకుండా పోయిందంతే.”

ఆగి, ఇంకేదో గుర్తొచ్చినట్టు మళ్లీ వంగింది.

“మీరు చెప్పమన్నదే చెప్పాను.”

బావ ఛాతీ యంత్రం ఎత్తినప్పుడు లేచి, దించినప్పుడు దిగుతోంది. కనుబొమ్మలు కదులుతాయేమోనని చూశాను. కదల్లేదు. తెల్లవారాక ఆయన పోయాడు.

ఆ రూటులో ఇప్పుడు వేరే డ్రైవరు. కండక్టరు అతనే. ఇంజను నిజంగా వేడెక్కినా ఆ మాట అనడు, బండాగింది దిగండి అంటాడు. పరిశోధన ఇంకా నడుస్తోందని, ఫలితం తేలడానికి చాలాకాలం పడుతుందని ఆ అమ్మాయి ఒకసారి స్టాపులో కనిపించి చెప్పింది. అక్క మందులషాపు వైపు వెళ్లినప్పుడల్లా, అలాంటి సూది ఏదైనా వచ్చిందా అని అడుగుతుంది. ఇంకా రాలేదంటారు.

కిందటి వారం నేనూ అక్కా స్టాపులో నిలబడ్డాం. బస్సు ఎంతకీ రాలేదు. ఆఫీసరుగారు రోడ్డు మీదికొచ్చి చూసి, మళ్లీ వెనక్కొచ్చి, ఈ కొత్తవాడికి బొత్తిగా బాధ్యత లేదు అన్నాడు. అక్క బెంచీ మీద కూర్చుని చీరకొంగు సర్దుకుంది.

“రానీండి” అంది. “ఒంట్లో బాగున్నట్టుంది అతనికి.”